ఏసీపీఐ ప్యాచ్‌ల లోగుట్టు: కంపెనీ కాదన్న మెషీన్‌లో ఓఎస్ ఎలా నడుస్తుంది?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అదే ఏడాది జూన్‌లో ఆపిల్ కూడా తేల్చి చెప్పేసింది: ఇంటెల్ మ్యాక్‌లకు వచ్చే చివరి మ్యాక్‌ఓఎస్ ‘టాహో’నే, ఆ తర్వాతివన్నీ ఆపిల్ సొంత చిప్‌ల మీదే నడుస్తాయి. ఇంకా శుభ్రంగా పనిచేస్తున్న ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌లు ఎన్నో ఈ రెండు కబుర్ల మధ్య ఇరుక్కున్నాయి. వాటిలో లినక్స్ వేద్దామనో, మ్యాక్‌ఓఎస్ ఎక్కించి చూద్దామనో మొదలుపెట్టినవాళ్ళకి మొదటిరోజే ఒక సలహా దొరుకుతుంది: “ఏసీపీఐ ప్యాచ్ చేసుకో, ఎస్‌ఎస్‌డీటీలు వేసుకో.” ఏసీపీఐ అంటే బోర్డు వివరాలని ఓఎస్‌కి అందించే ప్రమాణం, ఎస్‌ఎస్‌డీటీ అందులో చేర్చే చిన్న టేబుల్. ఏవి, ఎందుకు, వేస్తే లోపల ఏం మారుతుంది అన్నది మాత్రం సలహాలో ఉండదు. దాంతో ఎవరిదో ఫోల్డర్ తెచ్చి పెట్టుకుంటారు. ఒకరి మెషీన్ లేచి కూర్చుంటుంది. అదే ఫోల్డర్‌తో పక్కవాళ్ళది లోగో దగ్గరే బిగుసుకుపోతుంది.

## కెర్నల్‌కి బోర్డు కనపడదు, చిట్టా కనపడుతుంది

కెర్నల్ అంటే ఓఎస్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్. పీసీఐ స్లాట్‌లో పెట్టిన కార్డునో, యూఎస్‌బీకి గుచ్చిన పెన్‌డ్రైవ్‌నో ‘నువ్వెవరు’ అని అడిగితే తయారీదారు నంబరు, మోడల్ నంబరు చెబుతుంది. మదర్‌బోర్డు మీద అలా నోరు విప్పలేనివి చాలా ఉన్నాయి. ల్యాప్‌టాప్ మూత వేసినట్టు తెలిపే స్విచ్, బ్యాటరీ, స్క్రీన్ వెలుతురు, టచ్‌ప్యాడ్‌కి కలిపిన ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ని పిలిచే సంకేతం) పిన్, గడియారం చిప్ ఉన్న పోర్టు నంబరు, ఏ పరికరం మెషీన్‌ని నిద్రలోంచి లేపగలదన్న సంగతి. ఇవన్నీ బోర్డు తయారుచేసినవాళ్ళకే తెలుసు. వాళ్ళు ఫర్మ్‌వేర్‌లో (బయాస్ లాగా బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) రాసిపెట్టే చిట్టాయే ఏసీపీఐ టేబుళ్ళు. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996 డిసెంబర్‌లో ఈ ప్రమాణం తొలి వెర్షన్ తెచ్చాయి. 2013 నుంచి దాని ఆలనాపాలనా యూఈఎఫ్‌ఐ ఫోరం చూసుకుంటోంది.

తహసీల్దార్ ఆఫీసులో చేను చూడరు, పహాణీ చూస్తారు. పహాణీలో బోరు లేదని పడితే పొలంలో నీళ్ళు పొంగుతున్నా అది మెట్ట కిందే లెక్క. కెర్నల్ తీరూ అంతే. టచ్‌ప్యాడ్ ఎదురుగా ఉన్నా, చిట్టాలో ‘లేదు’ అని ఉంటే డ్రైవర్ దాని జోలికే పోదు. చేయాల్సింది చేను దున్నడం కాదు, కాగితం సరిచేయించడం. ఏసీపీఐ ప్యాచ్ అంటే ఆ కాగితపు పనే.

## టేబుల్ లోపల ఏముంటుంది

బూట్ సమయంలో కెర్నల్ ముందుగా ఆర్‌ఎస్‌డీపీ అనే చిన్న గుర్తును పట్టుకుంటుంది. దాని నుంచి ఎక్స్‌ఎస్‌డీటీ అనే విషయసూచికకి, అక్కడి నుంచి మిగతా టేబుళ్ళకి దారి దొరుకుతుంది. మామూలు టేబుల్‌కి మొదట 36 బైట్ల హెడర్ ఉంటుంది: 4 అక్షరాల పేరు, మొత్తం పొడవు, రివిజన్, చెక్‌సమ్, 6 అక్షరాల తయారీదారు గుర్తు, 8 అక్షరాల టేబుల్ గుర్తు, వగైరా. చెక్‌సమ్ లెక్క తేలికే. టేబుల్‌లోని బైట్లన్నీ కూడి 256తో భాగిస్తే శేషం సున్నా రావాలి. రాకపోతే ఎక్కడో ఏదో చెడిందన్నమాట.

టేబుళ్ళలో రెండు జాతులున్నాయి. ఒకటి ఉత్త సమాచారం: ప్రాసెసర్లు ఎన్ని, ఇంటరప్ట్‌లు ఎటు పోతాయి చెప్పే ఎంఏడీటీ లాంటివి. రెండోది ప్రోగ్రామ్: డీఎస్‌డీటీ ఒకటి, దానికి తోడు ఎస్‌ఎస్‌డీటీలు ఎన్నైనా. ఈ రెండో జాతి గురించే మన గొడవంతా. వీటిలో ఉండేది ఏఎంఎల్ అనే బైట్‌కోడ్. దాన్ని నడిపే ఇంటర్‌ప్రెటర్ ఏసీపీఐ వాడే ప్రతి కెర్నల్‌లోనూ ఉంటుంది. మనిషి చదివే రూపం ఏఎస్‌ఎల్. ఆ రూపంలోకి విప్పడానికి, తిరిగి మూట కట్టడానికి వాడే పనిముట్టు ఐఏఎస్‌ఎల్ కంపైలర్.

డీఎస్‌డీటీ, ఎస్‌ఎస్‌డీటీలు వేర్వేరు ఫైళ్ళే అయినా కెర్నల్ వాటన్నిటినీ కలిపి ఒకే చెట్టుగా అల్లుతుంది. ఇది గుర్తుంటే తర్వాతవన్నీ తేలిక. చెట్టులో ప్రతి పేరుకీ సరిగ్గా 4 అక్షరాలు. ‘ఈసీ’ లాంటి రెండక్షరాల పేరుని బైట్లలో వెతికితే వెనక రెండు అండర్‌స్కోర్‌లు తగిలించి ఉంటాయి. ఇది తెలియక “నా టేబుల్‌లో ఈసీయే లేదు” అనుకునేవాళ్ళు చాలామంది. అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పేర్లు ప్రమాణానికి కేటాయించినవి. ‘_ఎస్‌టీఏ’ పరికరం స్థితి చెబుతుంది. 15 అని జవాబొస్తే ఉంది, ఆన్‌లో ఉంది, కనపడాలి, పనిచేస్తోంది అనే నాలుగు బిట్లూ వెలిగినట్టు. సున్నా వస్తే లేనట్టే. ‘_ఐఎన్‌ఐ’ మొదట్లో ఒకసారి నడుస్తుంది. ‘_పీఆర్‌డబ్ల్యూ’ నిద్రలోంచి లేపే హక్కు గురించి.

## “నువ్వు ఏ విండోస్‌వి?”

చిట్టాలో తప్పులన్నీ నిర్లక్ష్యం వల్ల వచ్చినవి కావు. బోర్డు కంపెనీలు ఎక్కువగా విండోస్‌తోనే పరీక్షించి మెషీన్‌ని అమ్మకానికి పంపిస్తాయి. ఆ అలవాటు టేబుళ్ళలోనే కనపడుతుంది.

‘_ఓఎస్‌ఐ’ అనే మెథడ్ (పేరుతో పిలిచే కోడ్ ముక్క) ద్వారా ఫర్మ్‌వేర్ కెర్నల్‌ని అడుగుతుంది: నీకు ‘విండోస్ 2009’ తెలుసా? ‘విండోస్ 2012’ తెలుసా? ‘విండోస్ 2015’? ఇవి వరసగా విండోస్ 7, 8, 10ల గుర్తులు. అవునన్న ప్రతిసారీ డీఎస్‌డీటీలో ఒక వేరియబుల్ మారుతుంది. చాలా ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు ‘ఓఎస్‌వైఎస్’. అందులో పడే అంకె ముచ్చటగా ఉంటుంది: విండోస్ 7 అయితే 2009, విండోస్ 10 అయితే 2015. ఇక మిగతా కోడంతా ఈ అంకె చూసే నడుచుకుంటుంది. 2015 కంటే తక్కువైతే టచ్‌ప్యాడ్‌ని ఐటూసీ పద్ధతిలో చూపించకు, పాత మౌస్‌లా చూపించు, ఇలా.

లినక్స్ దీనికి ఏనాడో లౌక్యం నేర్చింది. విండోస్ గుర్తులన్నిటికీ అవునంటుంది. ‘లినక్స్ తెలుసా’ అంటే మాత్రం 2.6.23 వెర్షన్ నుంచీ కాదనే అంటోంది! కారణముంది. లినక్స్ అని తెలియగానే, పరీక్షించని దారిలోకి మళ్ళించే ఫర్మ్‌వేర్‌లు తయారయ్యాయి. కంపెనీ పరీక్షించిన దారి విండోస్‌ది కాబట్టి అందులో నడవడమే క్షేమం అని కెర్నల్ రాసేవాళ్ళు నిర్ణయించారు. మ్యాక్‌ఓఎస్‌కి ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. దాన్ని ఆపిల్ సొంత ఫర్మ్‌వేర్ ‘డార్విన్’ (మ్యాక్‌ఓఎస్ లోపలి పునాది పేరు) అని పిలుస్తుంది, అది పలుకుతుంది. అదే మ్యాక్‌ఓఎస్‌ని మామూలు పీసీలో పెడితే విండోస్ ప్రశ్న దేనికీ జవాబుండదు, ఓఎస్‌వైఎస్ అట్టడుగు విలువ దగ్గరే ఉండిపోతుంది, సగం పరికరాలు మాయమవుతాయి.

## ఒక అక్షరం మార్చడం వెనక ఎంత లెక్కుంది

టేబుల్‌ని మార్చడానికి మూడు దారులు. మొత్తం డీఎస్‌డీటీని విప్పి, దిద్ది, కొత్తది పెట్టడం. బూట్‌లోడర్ (ఓఎస్‌ని ఎక్కించే చిన్న ప్రోగ్రామ్) చేత కొన్ని బైట్లు వెతికించి వేరే బైట్లు పెట్టించడం. పాతదాన్ని ముట్టుకోకుండా కొత్త ఎస్‌ఎస్‌డీటీ ఒకటి చేర్చడం.

మొదటిది ఒకప్పుడు అందరూ చేసిన పని. ఇప్పుడు చాలామంది వద్దంటారు, వద్దనడంలో న్యాయం ఉంది. డీఎస్‌డీటీలో కొన్ని మెమరీ చిరునామాలు బూట్ సమయంలో ఫర్మ్‌వేర్ లెక్కగట్టి నింపేవి. ర్యామ్ 8 జీబీ నుంచి 16కి పెంచినా, బయాస్‌లో ఒక ఆప్షన్ మార్చినా ఆ చిరునామాలు జరగవచ్చు. దిద్ది దాచుకున్న ఫైల్‌లో మాత్రం పాతవే ఉంటాయి. కోడ్ ఎక్కడో సంబంధంలేని చోట చదివి, రాస్తుంది. ఒకరోజు నిద్రలోంచి లేవదు, ఇంకోరోజు బాగానే ఉంటుంది. ఇలాంటి జబ్బు పట్టుకోవడం మహా కష్టం. విప్పడంలోనూ చిక్కుంది. ఒక్క డీఎస్‌డీటీనే విప్పితే, ఎస్‌ఎస్‌డీటీల్లో ఉన్న మెథడ్‌లకి ఎన్ని ఆర్గ్యుమెంట్లో (పిలిచేటప్పుడు ఇచ్చే విలువలు) తెలియక కంపైలర్ ఊహిస్తుంది, తప్పుతుంది. తిరిగి కట్టేటప్పుడు పదుల కొద్దీ ఎర్రర్లు వస్తాయి. అవి ఫర్మ్‌వేర్ తప్పులు కావు, విప్పిన తీరులోని తప్పులు. అన్ని ఎస్‌ఎస్‌డీటీలనీ పక్కన పెట్టి ఒకేసారి విప్పితే చాలావరకు పోతాయి.

రెండో దారిలో నియమం ఒక్కటే, తీసిన పొడవూ పెట్టిన పొడవూ సమానంగా ఉండాలి. ఎందుకంటే ఏఎంఎల్‌లో ప్రతి మెథడ్ తన పొడవును ముందే రాసుకుంటుంది. దాన్ని కడుపులో పెట్టుకున్న పరికరం తన పొడవు రాసుకుంటుంది, ఆ పైదీ అంతే, చివరికి టేబుల్ హెడర్. మధ్యలో ఒక్క బైటు ఎక్కువైనా ఇవన్నీ తిరగరాయాలి. పైగా 63 వరకు పొడవు ఒక బైట్లో పడుతుంది, 64 అయితే రెండు కావాలి. అంటే ఒక బైటు పెంచబోతే రెండు పెరగొచ్చు. అందుకే నాలుగక్షరాల పేరుని నాలుగక్షరాల పేరుతోనే మారుస్తారు, మొదటి అక్షరం స్థానంలో ‘ఎక్స్’ పెట్టి. ‘జీ’ కోడ్ 71, ‘ఎక్స్’ కోడ్ 88. మొత్తం 17 పెరిగింది కాబట్టి చెక్‌సమ్ బైటు 17 తగ్గాలి. ఈ లెక్క బూట్‌లోడర్ చూసుకుంటుంది.

## నిద్రపుచ్చగానే లేచే మెషీన్: ఒక ప్యాచ్‌ని దగ్గరగా చూస్తే

స్లీప్ నొక్కితే స్క్రీన్ ఆరి, రెండు సెకన్లలో ఫ్యాన్ మళ్ళీ తిరుగుతుంది. పీసీల్లో మ్యాక్‌ఓఎస్ పెట్టినవాళ్ళకి చిరపరిచితమైన బాధ. యూఎస్‌బీ, నెట్‌వర్క్, ఆడియో కంట్రోలర్లకి లేపే హక్కు ఇచ్చిన ‘_పీఆర్‌డబ్ల్యూ’ దీనికి మూలం.

చాలా బోర్డుల్లో ప్రతి పరికరపు _పీఆర్‌డబ్ల్యూ మళ్ళీ ‘జీపీఆర్‌డబ్ల్యూ’ అనే ఉమ్మడి మెథడ్‌ని పిలుస్తుంది. దానికి రెండు అంకెలిస్తుంది: ఏ ఈవెంట్ లైను, ఏ నిద్రస్థాయి వరకు లేపొచ్చు. స్కైలేక్ తరం నుంచి ఆ లైను 109, అంతకుముందు చిప్‌సెట్లలో 13. నిద్రస్థాయి 3 లేదా 4. ఈ రెండో అంకె సున్నా అయితే లేపే హక్కు పోతుంది.

పరికరాలు పది ఉన్నా పిలిచేది ఒక్క మెథడ్‌నే కాబట్టి దాన్నే పట్టుకుంటే చాలు. బైట్లలో జీపీఆర్‌డబ్ల్యూ అంటే, పదహారు ఆధారంలో, 47 50 52 57. మెథడ్‌ని నిర్వచించిన చోట పేరు వెనకే ఇంకో బైటు ఉంటుంది, ఎన్ని ఆర్గ్యుమెంట్లో చెప్పేది. ఇక్కడ 02. కాబట్టి 47 50 52 57 02ని వెతికి 58 50 52 57 02 పెట్టమంటే నిర్వచనం పేరు మాత్రమే ‘ఎక్స్‌పీఆర్‌డబ్ల్యూ’ అవుతుంది. పిలిచే చోట్ల పేరు వెనక 02 ఉండదు, అంకె రాబోతోందని చెప్పే బైటు ఉంటుంది. అందుకే అవి మారవు, జీపీఆర్‌డబ్ల్యూ అనే పిలుస్తూ ఉంటాయి. ఆ పేరుతో ఇప్పుడు ఎవరూ లేరు. ఆ ఖాళీలో మన ఎస్‌ఎస్‌డీటీ కూర్చుంటుంది. అందులో రాసేది ఇంతే: నడుస్తున్నది డార్విన్ అయ్యుండి, మొదటి అంకె 109 అయితే, 109, 0 అని జవాబు చెప్పు. లేదంటే వచ్చిన రెండంకెలనీ యథాతథంగా ఎక్స్‌పీఆర్‌డబ్ల్యూకి ఇచ్చి, అది చెప్పిందే చెప్పు.

ఎక్కడ తప్పుతుందో కూడా ఈ బైట్లలోనే కనపడుతుంది. కొన్ని బోర్డుల్లో ఈ మెథడ్ ‘సీరియలైజ్డ్’ (ఒకసారికి ఒకరే నడపగల) రకం. అప్పుడు నిర్వచనం వెనక బైటు 02 కాదు, 0ఏ. దురదృష్టం కొద్దీ పిలిచే చోట్ల వచ్చే అంకె గుర్తు కూడా 0ఏనే! అలా వెతికితే నిర్వచనంతో పాటు పిలుపులన్నీ మారిపోతాయి, అంతా కలిసి ఎక్స్‌పీఆర్‌డబ్ల్యూ అయి పాత కథే నడుస్తుంది, ప్యాచ్ వేసినా ఫలితం సున్నా. అలాంటి బోర్డుల్లో నిర్వచనానికి ముందున్న బైట్లను కూడా వెతుకుడులో కలపాలి. పేరు మార్చి ఎస్‌ఎస్‌డీటీ వేయడం మరిచిపోతే ‘దొరకలేదు’ అనే ఎర్రర్. ఎస్‌ఎస్‌డీటీ వేసి పేరు మార్చకపోతే ‘ఇప్పటికే ఉంది’ అనే ఎర్రర్. ఈ రెండు ఎర్రర్లూ లినక్స్ కెర్నల్ లాగ్‌లో స్పష్టంగా పడతాయి కాబట్టి ప్యాచ్ సరిపోయిందో లేదో చూడటానికి, అదే బూట్‌లోడర్ నుంచి లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్ ఎక్కించి చూడటం మ్యాక్‌ఓఎస్ తెరమీద పరుగెత్తే అక్షరాల్ని ఫోటో తీయడం కంటే నయం.

## గడియారం, ఈసీ: పేరు మార్చనక్కర్లేని చోట

ఆర్‌టీసీ అంటే మనకి బస్సే గుర్తొస్తుంది గానీ ఇక్కడ అది టైము చూసే చిప్. ఇంటెల్ 300 సిరీస్ బోర్డుల నుంచి చాలావాటిలో పాత ఆర్‌టీసీ స్థానంలో ‘ఏడబ్ల్యూఏసీ’ అనే కొత్త గడియారం వచ్చింది. మ్యాక్‌ఓఎస్‌కి అది తెలియదు, పాతది కనపడక బూట్ మొదట్లోనే ఆగిపోతుంది. డీఎస్‌డీటీ తెరిచి చూస్తే చాలా బోర్డుల్లో రెండూ ఉంటాయి. ‘ఎస్‌టీఏఎస్’ అనే వేరియబుల్ సున్నా అయితే కొత్తది 15 అంటుంది, ఒకటి అయితే పాతది 15 అంటుంది. ఒకటే స్విచ్, రెండు దీపాలు. కాబట్టి పేరు మార్చాల్సిన పనే లేదు. చెట్టు మూలంలో ఒక _ఐఎన్‌ఐ రాసి, డార్విన్ అయితే ఎస్‌టీఏఎస్‌ని ఒకటి చేయమంటే సరి. పది వరసల ఎస్‌ఎస్‌డీటీ.

ఇక్కడ రెండు చోట్ల కాలు జారుతుంది. కొన్ని బోర్డుల్లో ఎస్‌టీఏఎస్ లేనేలేదు, అప్పుడీ ఫైల్ దండగ, నకిలీ ఆర్‌టీసీ పరికరాన్ని చేర్చాల్సి వస్తుంది. ఇంకొన్ని బోర్డుల్లో మూలంలో _ఐఎన్‌ఐ ఇప్పటికే ఉంటుంది. ఒకే పేరుతో రెండోది చెల్లదు.

ఈసీ, అంటే ఎంబెడెడ్ కంట్రోలర్, విషయంలో డెస్క్‌టాప్‌కీ ల్యాప్‌టాప్‌కీ వైద్యం వేరు. మ్యాక్‌ఓఎస్ కాటలీనా నుంచి ‘ఈసీ’ అనే పేరుగల పరికరం చెట్టులో ఉండాలి, లేకపోతే బూట్ ముందుకు సాగదు. డెస్క్‌టాప్‌లో వేరే పేరుతో ఉన్న అసలు కంట్రోలర్‌ని డార్విన్‌కి కనపడకుండా చేసి, ఖాళీ పెంకు లాంటి నకిలీ ఈసీని పెడతారు. అదే పని ల్యాప్‌టాప్‌లో చేస్తే కొంప మునుగుతుంది. బ్యాటరీ, కీబోర్డు, ఫంక్షన్ కీలు అన్నీ ఆ అసలు కంట్రోలర్ ద్వారానే నడుస్తాయి. అక్కడ అసలుదాన్ని కదిలించకుండా పక్కన నకిలీది పెట్టి ఊరుకోవాలి. డెస్క్‌టాప్ ఫోల్డర్‌ని ల్యాప్‌టాప్‌కి కాపీ చేసి “బ్యాటరీ చూపించట్లేదు” అనేవాళ్ళ కథ చాలాసార్లు ఇదే.

బ్యాటరీకి వేరే తిప్పలూ ఉంది. ఈసీలో 8 బిట్ల కంటే వెడల్పైన అంకెల్ని మ్యాక్‌ఓఎస్ చదవలేదు. బ్యాటరీలో మిగిలింది 4400 అనుకోండి, అది 16 బిట్ల అంకె. దాన్ని కింది బైటు 48, పై బైటు 17గా విడగొట్టి, చదివేటప్పుడు 17ని 256తో హెచ్చించి 48 కలిపే చిన్న మెథడ్ రాసి, డీఎస్‌డీటీలో ఆ అంకె వాడిన ప్రతిచోటా దీన్ని ఇరికించాలి. ఒక్కో ల్యాప్‌టాప్‌కి ఇలాంటివి పది, పదిహేను ఉండేవి. ఒకప్పుడు వారాంతాలు మింగేసిన పని ఇది. ఇప్పుడు ‘ఈసీ ఎనేబ్లర్’ అనే చిన్న డ్రైవర్ కెర్నల్ వైపు నుంచే ఆ పరిమితిని దాటిస్తోంది, టేబుల్ ముట్టుకోనక్కర్లేదు.

ప్యాచ్‌లకి కాలదోషం పట్టడం మామూలే. ప్రాసెసర్ వేగం సర్దుబాటుకి ‘ఎస్‌ఎస్‌డీటీ ప్లగ్’ తప్పనిసరి అని ఇప్పటికీ రాస్తుంటారు. మ్యాక్‌ఓఎస్ 12.3 నుంచి ఆపిల్ ఆ తనిఖీనే తీసేసింది.

## విండోస్ ఎందుకు పాడవుతుంది

మ్యాక్‌ఓఎస్ కోసం ప్యాచ్ వేస్తే పక్క పార్టిషన్లోని విండోస్ నీలిరంగు తెర చూపిస్తుందని ఫిర్యాదు. ఇది బూట్‌లోడర్ స్వభావాన్ని బట్టి ఉంటుంది. క్లోవర్ అనే బూట్‌లోడర్ తన ప్యాచ్‌లని మ్యాక్‌ఓఎస్‌కి మాత్రమే వర్తింపజేస్తుంది. ఓపెన్‌కోర్ అనే ఇంకో బూట్‌లోడర్ అలా కాదు, దాని ద్వారా ఏ ఓఎస్ ఎక్కినా దిద్దిన టేబుళ్ళే అందిస్తుంది. అందుకే పైన చెప్పిన ప్రతి ఉదాహరణలో ‘డార్విన్ అయితే’ అనే షరతు వచ్చింది. షరతు లేకుండా _ఎస్‌టీఏని సున్నా చేసిన ఫైల్, విండోస్‌కి కూడా ఆ పరికరాన్ని పీకేస్తుంది. షరతు పెట్టలేనివి పేరు మార్పులే. అవి గుడ్డివి, అన్ని ఓఎస్‌లకీ ఒకేలా తగులుతాయి. కాబట్టి పేరు మార్చిన ప్రతిచోటా, విండోస్ పిలిస్తే పాత మెథడ్‌కే చేర్చే దారి ఎస్‌ఎస్‌డీటీలో ఉండాలి.

ఓపెన్‌కోర్ పనిచేసే క్రమం కూడా చూడండి. ముందు బైట్ల మార్పు, ఆ తర్వాతే కొత్త ఎస్‌ఎస్‌డీటీలు చేరతాయి. మన ఎస్‌ఎస్‌డీటీలకి బైట్ల మార్పు తగలదు. ఇది వరమే. _ఓఎస్‌ఐని ‘ఎక్స్‌ఓఎస్‌ఐ’గా మార్చి, విండోస్ గుర్తులకి అవునని చెప్పించే ప్యాచ్ ఉంది. ఫర్మ్‌వేర్ పిలుపులన్నీ ఎక్స్‌ఓఎస్‌ఐకి మళ్ళుతాయి. మన ఫైళ్ళలోని ‘డార్విన్ అయితే’ మాత్రం అసలు _ఓఎస్‌ఐనే అడుగుతుంది, నిజమైన జవాబే వస్తుంది. అయితే ఈ ప్యాచ్ మొరటుది. టచ్‌ప్యాడ్ ఒక్కదాని కోసం ఫర్మ్‌వేర్ మొత్తాన్నీ నమ్మించడం. దాని బదులు టచ్‌ప్యాడ్‌కి అడ్డుపడుతున్న ఆ ఒక్క వేరియబుల్ ఏదో వెతికి మార్చడం మేలు, కాస్త చదివే ఓపిక ఉంటే.

## లినక్స్ దారి వేరు, గొళ్ళెం కూడా వేరు

లినక్స్‌లో టేబుళ్ళు చూడటానికి సాధనమేదీ అక్కర్లేదు. సిస్, దానిలో ఫర్మ్‌వేర్, ఏసీపీఐ, టేబుల్స్ అనే వరుస ఫోల్డర్లలో అసలు బైట్లే ఫైళ్ళుగా ఉంటాయి, రూట్ అనుమతితో కాపీ చేసుకోవడమే. జాగ్రత్తేమిటంటే, ప్యాచ్ చేసే బూట్‌లోడర్ ద్వారా వచ్చి కాపీ చేస్తే వచ్చేవి దిద్దిన టేబుళ్ళు. వాటి మీద మళ్ళీ ప్యాచ్ తయారుచేస్తే అద్దంలో అద్దం చూసినట్టే.

మార్చిన టేబుల్‌ని లినక్స్‌కి ఇవ్వడానికి, బూట్‌లో అన్నిటికంటే ముందు చదివే ఇనిట్‌ఆర్‌డీ మొదట్లో, కంప్రెస్ చేయని సీపీఐఓ (ఫైళ్ళని ఒకటిగా కట్టే పద్ధతి) మూటలో, కెర్నల్, ఫర్మ్‌వేర్, ఏసీపీఐ అనే ఫోల్డర్ వరుసలో పెడతారు. టేబుల్ హెడర్‌లోని ఓఈఎం రివిజన్ అంకె పాతదానికంటే పెద్దదిగా ఉండాలి. అది పెంచకపోతే కెర్నల్ మాట్లాడకుండా పాతదే వాడుకుంటుంది, మీరు గంటల తరబడి కోడ్‌లో తప్పు వెతుక్కుంటారు. సెక్యూర్ బూట్ (సంతకమున్న సాఫ్ట్‌వేర్‌నే ఎక్కనిచ్చే ఏర్పాటు) ఆన్‌లో ఉండి కెర్నల్ లాక్‌డౌన్‌లోకి, అంటే బయటి మార్పులు ఒప్పుకోని స్థితిలోకి, వెళితే ఈ దారే మూసుకుపోతుంది. అది చాదస్తం కాదు. టేబుల్ అంటే కెర్నల్ లోపల నడిచే ప్రోగ్రామ్, ఎవరుపడితే వాళ్ళు మార్చగలిగితే సంతకాల తనిఖీకి అర్థముండదు.

లినక్స్‌లో జనం ఎక్కువగా అడిగేది పాత పద్ధతి నిద్ర, అంటే ఎస్3. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో _ఎస్3 ఉండదు, లేదా పేరు మార్చి దాచి ఉంటుంది. టేబుల్‌లో దాన్ని తిరిగి పెడితే కొన్ని మెషీన్లు చక్కగా నిద్రపోయి లేస్తాయి. కొన్ని నిద్రపోతాయి, లేవవు. చిట్టాలో రాసినంత మాత్రాన, కంపెనీ అసలు రాయని ఫర్మ్‌వేర్ కోడ్ పుట్టుకురాదు కదా.

అసలు ఇలాంటివి టేబుల్‌లో దిద్దాలా, కెర్నల్‌లో దిద్దాలా అన్నదాని మీద రెండు వాదనలున్నాయి. కెర్నల్ రాసేవాళ్ళు, ఫలానా మోడల్ అయితే ఫలానా తప్పుని పట్టించుకోకు అనే ‘క్విర్క్’ చేర్చడమే ఇష్టపడతారు. అలా చేస్తే ఆ మోడల్ కొన్న అందరికీ ఒక్క అప్‌డేట్‌తో బాగవుతుంది, సెక్యూర్ బూట్ తీయనక్కర్లేదు. కొన్ని రైజెన్ ల్యాప్‌టాప్‌ల్లో కీబోర్డు ఇంటరప్ట్ తిప్పలు ఇలాగే పోయాయి. రెండోవైపు, క్విర్క్ చేరి మన డిస్ట్రోకి వచ్చేదాకా నెలలు పట్టొచ్చు, టేబుల్ ప్యాచ్ ఇవాళ రాత్రికే పనిచేస్తుంది. రెండూ నిజమే. ప్యాచ్‌తో కారణం నిర్ధారించుకుని, ఆ వివరంతో క్విర్క్ కోసం రిపోర్టు పెట్టడం చూస్తుంటాం, అదే అందరికీ లాభం.

## ఏ ప్యాచూ అందుకోలేనివి

లేని డ్రైవర్‌ని టేబుల్ పుట్టించలేదు. ఎన్విడియా మ్యాక్స్‌వెల్, పాస్కల్ కార్డులకి మ్యాక్‌ఓఎస్ హై సియెర్రా తర్వాత డ్రైవర్ రాలేదు. ఇంటెల్ 11వ తరం ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్‌కి మ్యాక్‌ఓఎస్‌లో చోటే లేదు, ఎందుకంటే ఆ చిప్‌తో ఆపిల్ మెషీనే చేయలేదు. ఏఎండీ ప్రాసెసర్‌కి కావల్సినవి కెర్నల్ ప్యాచ్‌లు, అవి వేరే శాస్త్రం. ఇలాంటి చోట ఎస్‌ఎస్‌డీటీలు మార్చి మార్చి చూడటం కాలయాపన.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మ్యాక్‌ఓఎస్ లైసెన్సు ఆపిల్ బ్రాండు మెషీన్లలోనే వాడమంటుంది. పీసీల్లో ఎక్కించి అమ్మిన సైస్టార్ కంపెనీ మీద ఆపిల్ 2008లో దావా వేసి గెలిచింది, 2011లో అమెరికా అప్పీళ్ళ కోర్టు ఆ తీర్పుని సమర్థించింది. ఇంట్లో సొంతానికి చేసుకునేవాళ్ళు “నేను అమ్మట్లేదు కదా” అంటారు, లైసెన్సు చదివినవాళ్ళు “షరతు అమ్మకం గురించి కాదు, వాడకం గురించి” అంటారు. ఏసీపీఐ టేబుల్ దిద్దడంలో మాత్రం ఆ గొడవ లేదు, లినక్స్ కోసం చేసేదీ అదే పని.

## రెడీమేడ్ ఫోల్డరా, సొంతగానా

అన్ని బోర్డులకీ సరిపడేలా రాసిన రెడీమేడ్ ఎస్‌ఎస్‌డీటీలు దొరుకుతాయి. అవి చెడ్డవేం కాదు. ఉండగల పేర్లన్నీ రాసి, ఏది ఉంటే దానికి వర్తించేలా కడతారు. మొదటిసారి బూట్ అవడానికి అవి చాలు. కాకపోతే అక్కర్లేని సరుకు బోలెడు మోస్తాయి, పొరపాటు జరిగితే ఏది కారణమో తేల్చలేం. సొంతగా రాసుకుంటే ఒక సాయంత్రం పోతుంది గానీ, ప్రతి ఫైల్ ఎందుకుందో తెలుస్తుంది. మధ్యేమార్గంగా చాలామంది పాటించేది: రెడీమేడ్‌తో ఎక్కించి, తర్వాత ఒక్కోటి తీసి చూసి, సొంత చిట్టాలోని పేర్లతో కుదించుకోవడం.

ఎవరు రాసినా బయాస్ అప్‌డేట్ వచ్చిన రోజు లెక్క మొదటికొస్తుంది. కొత్త బయాస్‌లో ఆ మెథడ్ సీరియలైజ్డ్‌గా మారి 02 కాస్తా 0ఏ అయ్యుండొచ్చు, వెతికే బైట్లు దొరక్కపోవచ్చు. బూట్‌లోడర్ చాలాసార్లు పట్టించుకోకుండా ముందుకుపోతుంది, పేరు మారదు, మన ఎస్‌ఎస్‌డీటీ ‘ఇప్పటికే ఉంది’ అని కొట్టేసుకుంటుంది. అప్‌డేట్‌కి ముందు తీసిన టేబుళ్ళ కాపీ పక్కనుంటే, పాతదీ కొత్తదీ విప్పి రెండిటికీ తేడా చూడటం పది నిమిషాల పని. లేకపోతే మళ్ళీ మొదటి నుంచి.